మంచు దృశ్యాలు బ్లాక్ అండ్ వైట్‌లో తీయడానికి పాత లెన్సా, కొత్త లెన్సా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీరు మినియాపొలిస్‌కు ఈమధ్యే వచ్చారు. మీ దగ్గర నికాన్ జెడ్6 టూ, 24-120 ఎఫ్/4 ఎస్ జూమ్ ఉన్నాయి. రాజమండ్రిలో మీ మామయ్యగారు వాడి పక్కన పెట్టిన 50 ఎంఎం ఎఫ్/1.4, 135 ఎంఎం ఎఫ్/2.8 ఏఐ నిక్కార్ లెన్సులు (ఆటోఫోకస్ లేని పాత నికాన్ లెన్సులు) ఈసారి ఊరెళ్లినప్పుడు తెచ్చుకున్నారు. జూమ్‌తో తీసిన మంచు ఫొటోలను బ్లాక్ అండ్ వైట్‌లోకి మారిస్తే చప్పగా, బూడిద రంగులో వస్తున్నాయి. పాత లెన్సుల్లో ప్రాణం ఉంటుందని యూట్యూబ్‌లో అందరూ చెబుతున్నారు కదా, వాటికి మారిపోవాలా, పనిలో పనిగా హీలియోస్ అనే పాత సోవియట్ లెన్స్ కూడా కొనాలా అని అడిగారు. వచ్చే నెలలో లేక్ సుపీరియర్ ఒడ్డున ఉన్న డులూత్ వైపు వెళ్తున్నానని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. మంచు బూడిద రంగులో రావడానికి మీ జూమ్ కారణం కాదు. లెన్స్ మార్చినంత మాత్రాన ఆ బూడిద పోదు, పాత లెన్స్ పెడితే ఇంకాస్త పెరిగినా పెరుగుతుంది. అది ఎక్స్‌పోజర్ (సెన్సార్ మీద పడే వెలుగు మోతాదు) వల్ల, రంగు ఫైలును బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చే పద్ధతి వల్ల వచ్చిన తంటా. మంచు ఫొటోలో తెలుపు ఎక్స్‌పోజర్ చేతిలో ఉంటుంది, నలుపు లెన్స్ చేతిలో ఉంటుంది. పాత లెన్స్‌కీ కొత్తదానికీ తేడా ఆ నలుపు దగ్గరే తెలుస్తుంది. డులూత్‌కు జూమ్, 50 రెండూ తీసుకెళ్లండి, బ్యాగులో చోటుంటే 135 కూడా. హీలియోస్ సంగతి చివర్లో చెప్తాను.

నేను ఉండేది మిన్నెసోటాలోనే. చలికాలం తప్ప మిగతా కాలాల్లో కెమెరా పెద్దగా బయటికి తీయను. తీసినవాటిలో నచ్చినవి కాగితం మీద ప్రింట్ వేసుకుంటాను. కాబట్టి కింద చెప్పేదంతా ప్రింట్ దృష్టితో చెప్తున్నదే. ఫోన్‌లో చూసుకోవడానికే అయితే ఇందులో సగం పట్టించుకోనక్కర్లేదు.

ముందు తెలుపు సంగతి తేల్చేద్దాం.

కెమెరా మీటరుకు ఎదురుగా ఉన్నది మంచో బొగ్గో తెలియదు. ఏది చూపించినా మధ్యస్థంగా ఉండే బూడిద రంగులోకి తెద్దామని చూస్తుంది. నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును మెట్లుగా విడగొట్టే జోన్ సిస్టమ్‌ను అమెరికన్ ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపొందించారు. ఆ లెక్కలో మీటరు చూపేది అయిదో జోన్. గరుకు కనిపించే మంచు ఉండాల్సిన చోటు ఏడు, ఎనిమిది జోన్లు. అంటే స్పాట్ మీటరు (ఒక్క చోటునే కొలిచేది) మంచు మీద పెట్టి చూస్తే, అది చెప్పినదానికంటే రెండు నుంచి రెండున్నర స్టాపులు ఎక్కువ ఇవ్వాలి (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). ఫ్రేమంతా కొలిచే మ్యాట్రిక్స్ మీటరింగ్ కొంత తనంతట తనే సర్దుకుంటుంది కాబట్టి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 సరిపోతుంది. మబ్బు పట్టిన రోజు 1.7 దాకా వెళ్లండి. ఎండ కాస్తున్న రోజు 1 దగ్గర మొదలుపెట్టి హిస్టోగ్రామ్ (ఎడమన నలుపు, కుడిన తెలుపు ఎంతుందో చూపే గ్రాఫ్) చూసుకోండి. కుడి గోడకు తగలకుండా దగ్గరగా వస్తే చాలు. ఫైలు రా ఫార్మాట్‌లోనే (సెన్సార్ చూసినదంతా దాచే ఫైలు) తీయండి.

చాలామంది ఇక్కడే భయపడతారు. తెర మీద ఫొటో మరీ తెల్లగా కనిపించగానే టెన్షన్ పడి మైనస్‌లోకి వెళ్తారు. తర్వాత కంప్యూటర్లో ఆ బూడిదను పైకి లాగితే మంచులో నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) కనిపిస్తుంది. మీ ఫొటోలకు జరిగింది ఇదే అనుకుంటున్నాను.

రెండో కారణం రంగులది. ఎండలో ఉన్న మంచు తెల్లగా ఉంటుంది, నీడలో ఉన్న మంచు నీలంగా ఉంటుంది. నీడ మీద పడేది సూర్యుడి వెలుగు కాదు, నీలాకాశం వెలుగు. మన కన్ను ఆ నీలాన్ని సర్దేసుకుంటుంది, సెన్సార్ సర్దుకోదు. బ్లాక్ అండ్ వైట్ బటన్ నొక్కి వదిలేస్తే నీలం నీడ, తెల్లటి వెలుగు దాదాపు ఒకే బూడిదలోకి దగ్గరపడతాయి. గాలికి మంచు మీద పడిన అలలు, జింకల అడుగుజాడలు, కొమ్మల నీడలు అన్నీ అందులో కలిసిపోతాయి. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్ మిక్స్ తెరిచి నీలాన్ని మైనస్ 20 నుంచి 40 దాకా తగ్గించి చూడండి. మంచు చర్మం ఒక్కసారిగా పైకి లేస్తుంది. అంతకంటే తగ్గిస్తే ఆకాశంలో నాయిస్, కొండ అంచుల వెంట తెల్లటి గీతలు మొదలవుతాయి.

ఫిల్మ్ రోజుల్లో పసుపు, నారింజ, ఎరుపు ఫిల్టర్లు వాడింది ఇందుకే. మీ కెమెరాకు మాత్రం గాజు ఎరుపు ఫిల్టర్ కొనకండి. రంగుల సెన్సార్‌లో ఎరుపు చూసే పిక్సెళ్లు నాలుగింట ఒక వంతే. మిగతావాటిని ఆకలితో మాడ్చి సాధించేదేమీ లేదు. లైకా మోనోక్రోమ్, పెంటాక్స్ కె-3 మార్క్ త్రీ మోనోక్రోమ్ లాంటి రంగు లేని సెన్సార్లు ఉన్నవాళ్లకు, ఫిల్మ్ వాడేవాళ్లకు అయితే గాజు ఫిల్టరే దిక్కు. మీరు కెమెరా మెనూలోని పిక్చర్ కంట్రోల్‌లో మోనోక్రోమ్ పెట్టి, ఫిల్టర్ ఎఫెక్ట్‌లో నారింజ ఎంచుకోండి. వ్యూఫైండర్లో బ్లాక్ అండ్ వైట్ కనిపిస్తుంది, రా ఫైల్లో రంగులు భద్రంగా ఉంటాయి. ఒక్కటే జాగ్రత్త: హిస్టోగ్రామ్ కూడా ఆ ప్రివ్యూనే చూసి గీస్తుంది, కాబట్టి మరీ అంచుకు వెళ్లకండి.

మబ్బు రోజు ఈ నీలం చిట్కా పనిచేయదు. అప్పుడు నీడే ఉండదు. ఆ రోజు మంచు గరుకును వదిలేసి చెట్లు, రాళ్లు, కంచెలు, నీళ్లు లాంటి నల్లటి ఆకారాలతో ఫొటో కట్టుకోవడం మేలు.

అన్నట్టు ఇక్కడి చలికాలంలో ఒక వరం ఉంది. డిసెంబర్ 21 ప్రాంతంలో డులూత్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 20 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అదే రోజు రాజమండ్రిలో దాదాపు 50 డిగ్రీలు. అంటే ఇక్కడ రోజంతా పక్కవాటు వెలుగే. మన దగ్గర ఉదయం ఏడున్నరకు దొరికే పొడుగు నీడలు ఇక్కడ పన్నెండింటికీ దొరుకుతాయి. తెల్లవారుజామునే లేవాలన్న నియమం పెట్టుకోనక్కర్లేదు. కానీ సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు లెన్సులు.

పూత లేని గాజు ప్రతి ఉపరితలం దగ్గరా దాదాపు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. పాతకాలపు ఒంటి పూత దాన్ని ఒకటిన్నర శాతం ప్రాంతానికి తెచ్చింది, మల్టీకోటింగ్ అర శాతం లోపుకు తెచ్చింది. మీ జూమ్‌లో 13 గ్రూపుల్లో 16 గాజులున్నాయి (కలిపి అతికించిన గాజులు ఒకే గ్రూపు), అంటే గాలికి తగిలే ఉపరితలాలు 26. పాత పూతలతో అలాంటి లెన్స్ చేసి ఉంటే మంచులో పొగ తప్ప ఏమీ కనిపించేది కాదు. మల్టీకోటింగ్, నికాన్ నానో క్రిస్టల్ కోట్ లాంటి పూతల వల్లే ఇలాంటి జూమ్‌లు నిలబడ్డాయి. మీ మామయ్యగారి 50 ఎఫ్/1.4లో ఆరు గ్రూపులు, ఏడు గాజులు. ఏఐ కాలానికి నికాన్ మల్టీకోటింగ్ వేస్తోంది కాబట్టి అది మరీ పాత తరం కాదు. హీలియోస్ 44-2లో నాలుగు గ్రూపులే, పూత మాత్రం పాత ఒంటి పూత.

వెనక్కి కొట్టిన కాంతి ఎక్కడికీ పోదు. లెన్స్ లోపలే అటూ ఇటూ తిరిగి చివరికి సెన్సార్ మీద పలచటి తెరలా పరుచుకుంటుంది. పట్టపగలు కిటికీలు తెరిచి గోడ మీద ప్రొజెక్టర్ వేస్తే సినిమాలో నలుపు ఎలా చచ్చిపోతుందో ఇక్కడా అంతే. తెల్లటి చోట ఆ కాస్త అదనపు వెలుగు తెలియదు, నల్లటి చోట బాగా తెలుస్తుంది. మామూలు దృశ్యంలో వెలుతురంతా పైన ఆకాశంలోనే ఉంటుంది కాబట్టి ఇది ఓ మోస్తరు సమస్య. మంచులో ఫ్రేములో ముప్పావు వంతు తెలుపే, ఫ్రేము బయట కూడా తెలుపే.

మంచులో వెలుగు కింది నుంచి కూడా లెన్స్‌లోకి వస్తుంది. ఈ విషయం ఎక్కువమంది పట్టించుకోరు. మామూలుగా హుడ్ పెట్టి పైనుంచి వచ్చే ఎండను ఆపితే సరిపోతుంది. ఇక్కడ మీ కాళ్ల ముందున్న మంచు, ఫ్రేములో లేకపోయినా, కింది నుంచి గాజు మీదికి వెలుగు కొడుతూ ఉంటుంది. జూమ్‌లకు ఇచ్చే పూల రేకుల హుడ్ 24 ఎంఎంకు కొలిచి చేసింది, 100 ఎంఎం దగ్గర దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్ కింద నల్లటి గ్లవ్ గానీ టోపీ గానీ అడ్డం పెట్టి, వ్యూఫైండర్లో నల్లటి చోట్లు చూడండి. పాత లెన్స్‌లో అయితే ఆ నలుపు చిక్కబడటం కంటికే కనిపిస్తుంది. 135 నిక్కార్‌కు ముందుకు లాగే హుడ్ లెన్స్‌లోనే ఉంటుంది, లాగడం మర్చిపోకండి. 50కి 52 ఎంఎం మర ఉన్న మెటల్ హుడ్ ఒకటి కొనుక్కోండి.

మీ రెండు లెన్సుల తేడా మీరే చూసుకోవాలంటే దగ్గర్లో ఏ పార్కులోనైనా ఒక బర్చ్ చెట్టు వెతకండి. ఇక్కడ కొదవ లేదు. పక్కనుంచి ఎండ పడుతున్న మాను దగ్గరికి వెళ్లి, వెనకాల మంచు మైదానం వచ్చేలా పెట్టండి. జూమ్‌ను 50 దగ్గర, అపర్చర్ (లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8 పెట్టి ఒకటి, పాత 50తో ఎఫ్/8 దగ్గరే ఒకటి తీయండి. బర్చ్ బెరడు తెల్లటి కాగితంలా పొరలు పొరలుగా లేచి ఉంటుంది. దాని మీద అడ్డంగా సన్నటి నల్ల గీతలు, కొమ్మ విరిగిన చోట కంటి ఆకారంలో నల్లటి మచ్చలు. లేచిన పొర కింద వేలెడంత నీడ, ఆ నీడలో ఇరుక్కున్న మంచు పొడి. కంప్యూటర్లో రెండూ పక్కపక్కన పెట్టి బెరడు గరుకు చూడకండి, అది రెండింట్లోనూ బాగానే ఉంటుంది. ఆ నల్ల మచ్చల లోపలికి వెళ్లి చూడండి. జూమ్‌లో మచ్చ అడుగు దాకా నలుపు, అందులో కూడా చిన్న పగుళ్లు కనిపిస్తాయి. పాతదాంట్లో మచ్చ బొగ్గు రంగులో ఉంటుంది, పగుళ్లు కాస్త కరిగిపోయి ఉంటాయి. మైదానం వైపున్న అంచు దగ్గర ఇంకొంచెం తేలిపోయి ఉంటుంది.

లైట్‌రూమ్‌లో నలుపులను ముదురు చేసే బ్లాక్స్ స్లైడర్ కిందికి లాగితే సరిపోదా అని అడగొచ్చు. కొంతవరకు సరిపోతుంది. కానీ ఆ తెర ఫొటో అంతా ఒకే మందంలో ఉండదు. వెలుగు ఎక్కువున్న వైపు మందంగా, లేని వైపు పలచగా ఉంటుంది. ఒక వైపు నలుపు సరిచేస్తే రెండో వైపు నలుపు మూసుకుపోతుంది. మాస్కులు వేసి చేయొచ్చు, చేస్తాను కూడా, కాకపోతే ప్రతి ఫొటోకీ చేసే ఓపిక ఎవరికుంటుంది?

పాత లెన్స్ నీడలను పైకి లేపుతుంది కాబట్టి డైనమిక్ రేంజ్ (ఒకే ఫొటోలో పట్టే నలుపు తెలుపుల విస్తృతి) పెరుగుతుందని కొందరు రాస్తుంటారు. నమ్మకండి. నీడలో వివరం కొత్తగా ఏమీ పుట్టదు, ఉన్న వివరం మీద తెల్లటి తెర పడుతుంది అంతే. చూడటానికి మెత్తగా ఉండొచ్చు, ఆ మెత్తదనం కావాలనుకుంటే వాడుకోవచ్చు. దాన్ని రేంజ్ అనడం మాత్రం తప్పు.

అయితే ఆ తెర కావాలనిపించే రోజులున్నాయి. మీరు డులూత్ వెళ్తున్నారు కాబట్టి అక్కడిదే చెప్తాను.

ఉత్తరం నుంచి గడ్డకట్టించే గాలి వచ్చి, ఉష్ణోగ్రత మైనస్ 20 సెల్సియస్ కిందికి పడినప్పుడు, ఇంకా గడ్డకట్టని లేక్ సుపీరియర్ నీళ్ల మీద నుంచి ఆవిరి లేస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని సీ స్మోక్ అంటారు. డులూత్‌లోని కెనాల్ పార్క్ దగ్గర నిలబడితే లైట్‌హౌస్ మొదలు కనిపించదు, పైభాగం మాత్రం ఆవిరిలోంచి పైకి వచ్చి ఉంటుంది. సూర్యుడు ఆ ఆవిరి వెనకనుంచే లేస్తాడు. ఇక్కడ నా చేతికి వచ్చేది పాత 50నే, ఎఫ్/4 దగ్గర. సూర్యుడి చుట్టూ వెలుగు మెల్లగా కరుగుతూ ఆవిరిలో కలుస్తుంది, లైట్‌హౌస్ ముదురు బూడిదగా ఉంటుంది, గాలి మందం ఫొటోలో తెలుస్తుంది. జూమ్‌తో అదే ఫొటో తీస్తే లైట్‌హౌస్ కత్తెరతో కత్తిరించి అతికించినట్టు నల్లగా వస్తుంది. తప్పేమీ లేదు, కొందరికి అదే ఇష్టం. నాకు మాత్రం ఆ ఉదయపు గాలి పోయిందనిపిస్తుంది. ఆవిరిలో ఓడ కూడా కావాలనుకుంటే జనవరి మధ్యలోపే వెళ్లండి. లేక్ సుపీరియర్ నుంచి మిగతా సరస్సుల్లోకి ఓడలను దింపే సూ లాక్స్ అనే నీటి తలుపులను జనవరి 15న మూసేస్తారు, మామూలుగా మార్చి 25 దాకా తెరవరు. ఆ మధ్యకాలంలో రేవులోకి వచ్చే పోయే పెద్ద ఓడలు దాదాపు ఉండవు.

అక్కడి నుంచి 61వ నంబరు రోడ్డు పట్టుకుని పైకి వెళ్తే స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ వస్తుంది. 1910లో వెలిగించి 1969లో పని ఆపించారు. నల్లటి కొండకొమ్ము, దాని మీద మంచు, కింద సరస్సు. ఎండ ఉన్న రోజు ఇక్కడ నేను పాత లెన్స్ తీయను. కొండ నలుపులోనే ఆ ఫొటో బలం ఉంది. రాయి పగుళ్లు, పగుళ్లలో వేలాడే మంచు కడ్డీలు అన్నీ విడివిడిగా రావాలి. ఇది జూమ్ పని. గడ్డకట్టిన సరస్సు మీద దూరంగా సన్నటి చెట్ల వరుస తీసేటప్పుడూ అంతే. ఫ్రేములో పిసరంతే నలుపు ఉంటే ఆ పిసరు గట్టిగా ఉండాలి, లేకపోతే ఫొటో మొత్తం కూలిపోతుంది.

పైన్ అడవి లోపలికి వెళ్లారనుకోండి, అక్కడ ఏ లెన్స్ అయినా ఒకటే. చుట్టూ చీకటే కాబట్టి తెర పలచగానే ఉంటుంది. ఎఫ్/8 దగ్గర పాత 50 మధ్యభాగంలో మీ జూమ్‌కు తీసిపోదు. మూలల్లో కాస్త వెనకబడుతుంది.

ఎండిన కొమ్మలు, తెల్లటి ఆకాశం. చలికాలంలో దొరికే సబ్జెక్టుల్లో ఇదే ఎక్కువ, పాత లెన్సులు దొరికిపోయేదీ ఇక్కడే. కొమ్మ అంచుల్లో ఊదా, పచ్చ రంగు గీతలు వస్తాయి. బ్లాక్ అండ్ వైట్‌లో రంగు ఎలాగూ పోతుంది కదా అనుకోకండి. మిక్స్‌లో నీలం తగ్గించగానే ఆ ఊదా గీత నల్లగానో తెల్లగానో మారి, కొమ్మ రెండు కొమ్మల్లా కనిపిస్తుంది. ముందు రంగులో ఉండగానే ఆ రంగు గీతలను (వీటినే క్రోమాటిక్ అబెరేషన్ అంటారు) తీసేయండి, ఆ తర్వాతే బ్లాక్ అండ్ వైట్‌లోకి వెళ్లండి. మీ జూమ్‌కు ఈ దిద్దుబాటు ఫైలుతోపాటే వస్తుంది, పాతవాటికి మీరే టిక్కు పెట్టాలి. అప్పటికీ పోకపోతే మిక్స్‌ను పచ్చ ఛానెల్ వైపు మొగ్గించి చూడండి. చాలా పాత లెన్సులు పచ్చ వెలుగులోనే ఎక్కువ పదునుగా ఉంటాయి.

పాతవాటి పక్షాన ఒక మంచి మాట చెప్పాలి. మీ 50కి అపర్చర్‌ను మూసే తిన్నటి బ్లేడులు ఏడున్నాయి. ఎఫ్/11 దగ్గర కొమ్మల సందులోంచి సూర్యుడు తొంగిచూసేలా పెడితే పద్నాలుగు కిరణాలతో శుభ్రమైన నక్షత్రం వస్తుంది. కొత్త లెన్సుల గుండ్రటి బ్లేడులతో అంత స్పష్టంగా రాదు. ఎఫ్/16 దాటి మూయకండి, చిన్న రంధ్రం గుండా వెలుగు చెదరడం (డిఫ్రాక్షన్) వల్ల మంచు గరుకు మెత్తబడుతుంది. పైగా సెన్సార్ మీదున్న ప్రతి దుమ్ము రేణువూ ఖాళీ మంచులో నల్ల చుక్కై కూర్చుంటుంది. మంచు కురుస్తుండగా లెన్సులు మార్చకండి, కారులో కూర్చుని మార్చుకోండి.

పోలరైజర్ (మెరుపులు తగ్గించి ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) గురించి మీరు అడగలేదు గానీ చెప్తున్నాను, వైడ్‌లో వాడొద్దు. సూర్యుడు ఇంత కింద ఉన్నప్పుడు ఆకాశంలో ఒక వైపు నల్లటి మచ్చలా వస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌లో అది ఇంకా వికారంగా ఉంటుంది.

మీ మామయ్యగారి లెన్సులు బయటికి తీసే ముందు ఒక పని చేయండి. ఫోన్ టార్చి వెనకనుంచి వేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, గాజు లోపల చూడండి. గోదావరి తీరాన తోలు కేసులో, బీరువాలో ఏళ్ల తరబడి ఉన్న లెన్స్‌కు ఫంగస్ రాకపోతే అదృష్టమే. సాలెగూడు దారాల్లా గానీ, ఆవిరి పట్టిన అద్దంలా తెల్లటి మసక గానీ కనిపిస్తే, పైన చెప్పిన తెర పదింతలవుతుంది. అప్పుడు వచ్చేదాన్ని వింటేజ్ లుక్ అని మురిసిపోయేవాళ్లను చూశాను. అది లుక్ కాదు, జబ్బు. లోపలి గాజు శుభ్రం చేసేది తెలిసిన రిపేర్‌వాళ్లే, మీరు స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. తోలు కేసు పారేయండి. మిన్నెసోటా చలికాలంలో ఇళ్లలో గాలి ఎలాగూ పొడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ కొత్తగా పెరగదు. మళ్లీ ఇండియా తీసుకెళ్తే మాత్రం డ్రై క్యాబినెట్ గానీ, సిలికా జెల్ వేసిన మూత గట్టి డబ్బా గానీ తప్పదు.

పాత నికాన్ లెన్సులను జెడ్ కెమెరాకు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఇవి చక్కగా సరిపోతాయి. ఆటోఫోకస్ ఉండదు. మెనూలో నాన్-సీపీయూ లెన్స్ డేటాలో (చిప్ లేని లెన్సుల వివరాలు) 50, 135 రెండూ నమోదు చేసి, లెన్స్ మార్చినప్పుడల్లా నంబరు మార్చండి. లేకపోతే కెమెరాలో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ తప్పు లెక్కతో పనిచేస్తుంది. అపర్చర్ రింగు తిప్పగానే బ్లేడులు నిజంగానే మూసుకుంటాయి కాబట్టి పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, తర్వాత ఎఫ్/8కి తిప్పుకోండి. పదునైన అంచులకు రంగు పూసి చూపే ఫోకస్ పీకింగ్ మంచులో కొమ్మలన్నిటినీ రంగులతో నింపేస్తుంది, దాన్ని నమ్మకుండా జూమ్ చేసి చూసుకోండి.

చలిలో పాత లెన్స్ ప్రవర్తన వేరుగా ఉంటుంది. మైనస్ 20 దగ్గర లోపలి గ్రీజు గట్టిపడి ఫోకస్ రింగు బండలా తిరుగుతుంది. బలవంతంగా తిప్పితే, హీలియోస్ లాంటి మర మౌంట్ లెన్సులు మౌంట్ దగ్గరే వదులై తిరుగుతాయి, ఒక్కోసారి చేతిలోకి ఊడి వస్తాయి. అందుకే కారు దిగకముందే దూరానికి ఫోకస్ పెట్టి చిన్న టేపు ముక్క అతికించేస్తాను. పాతవాటికి ఇన్ఫినిటీ దగ్గర ఆగే గట్టి హద్దు ఉంటుంది, మందపాటి గ్లవ్‌లతో కూడా తెలుస్తుంది. కానీ కొన్ని చవక అడాప్టర్లు కాస్త పొట్టిగా ఉండి ఆ హద్దు అసలు ఇన్ఫినిటీని దాటి ఉంటుంది, ఇంట్లోంచే దూరపు టవరు మీద పరీక్షించుకోండి. కొత్త జూమ్ లెన్స్ ఫోకస్ రింగుకు హద్దు లేదు, ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది. పొగమంచులో దాని ఆటోఫోకస్ పట్టు దొరక్క ముందుకీ వెనక్కీ ఊగుతుంది. దానికి మందు, నల్లటి చెట్టు అంచు మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చేయడమే.

మిగతావి చకచకా చెప్పేస్తాను. బ్యాటరీ చలికి సగంలోనే చేతులెత్తేస్తుంది, రెండోది లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. పలచటి గ్లవ్ మీద మందపాటి మిట్టెన్ వేసుకోండి, ట్రైపాడ్ మెటల్ కాళ్లకు ఫోమ్ చుట్టండి. వ్యూఫైండర్ దగ్గర ఊపిరి పక్కకు వదలండి, లేకపోతే అద్దం మీద గడ్డకడుతుంది. ఇంట్లోకి వచ్చే ముందు బయటే కెమెరాను జిప్‌లాక్ సంచీలో పెట్టి మూసి, లోపలికొచ్చాక రెండు గంటలు తెరవకండి. ఫొటోలు చూడాలన్న ఆత్రం ఆగదు కాబట్టి కార్డు బయటే తీసి జేబులో వేసుకోండి. గడ్డకట్టిన చెరువు మీద నడవాలంటే కొత్తగా కట్టిన తేటైన మంచుగడ్డ మందం కనీసం 4 అంగుళాలు ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ (డీఎన్ఆర్) చెబుతుంది. లేక్ సుపీరియర్ మీదికి మాత్రం ఎంత మందమున్నా వెళ్లకండి. గాలి తిరిగితే ఒడ్డు మంచు విడిపోయి లోపలికి కొట్టుకుపోతుంది.

ప్రింట్ వేసేటప్పుడు మంచు విలువలు 230 నుంచి 245 మధ్య ఉంచండి (0 పూర్తి నలుపు, 255 పూర్తి తెలుపు). 255కి వెళ్తే అక్కడ సిరా పడదు, ఉత్త కాగితం కనిపిస్తుంది. పాత లెన్స్ ఫైళ్లకు మసక తగ్గించే డీహేజ్ స్లైడర్ ఆశ పెడుతుంది. 10 దాటితే ఆకాశంలో మచ్చలు లేస్తాయి, మంచు సున్నం కొట్టినట్టవుతుంది.

ఇది చదివే మన్యంవాళ్లకు, విశాఖ నుంచి వారాంతాల్లో లంబసింగి, వంజంగి వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడ నేల మీద మంచు ఉండదు, లోయ నిండా పొగమంచు, మేఘాలు ఉంటాయి. కింది నుంచి కొట్టే వెలుగు తక్కువ కాబట్టి పాత లెన్సులకు అది ఇంకా అనుకూలమైన చోటు. ఎక్స్‌పోజర్ ప్లస్ 0.7 నుంచి 1 సరిపోతుంది. వంజంగి కొండ మీంచి మేఘాల్లో తేలే శిఖరాలకు 135 చేతిలో ఉంటే చాలు, వైడ్ తీయబుద్ధి కాదు. కాకపోతే తేమ ఎక్కువ. తిరిగొచ్చిన రోజే లెన్స్ తుడిచి గాలికి ఆరబెట్టండి.

ఇక హీలియోస్ 44-2. అది జర్మనీ బయోటార్ 58 ఎఫ్/2ను చూసి సోవియట్ కాలంలో చేసిన లెన్స్. దాని పేరంతా వెనకాల ఆకులు సుడి తిరిగినట్టు కనిపించే బొకే (ఫోకస్ బయటి మసక) మీద వచ్చింది. పోర్ట్రెయిట్లకు సరదాగా ఉంటుంది. మంచు దృశ్యాన్ని మీరు ఎఫ్/8 దగ్గర తీస్తారు, అక్కడ ఆ సుడి ఉండదు, మిగిలేది ఒంటి పూత తెర ఒక్కటే. ఆ తెర ఎంతో కొంత మీ 50లో ఉచితంగానే ఉంది, వెలుగుకు ఎదురు తీస్తే కనిపిస్తుంది. కాబట్టి దృశ్యాల కోసమైతే వద్దు. ఆ డబ్బుతో 50కి హుడ్, ఒక అదనపు బ్యాటరీ తీసుకోండి. మనసు ఆగక కొనేటట్టయితే దాని మర మౌంట్ ఎం42 నుంచి మీ జెడ్ కెమెరాకు అడాప్టర్ విడిగా కావాలి. బ్లేడుల మీద నూనె లేదని, టార్చి వేస్తే లోపల మసక లేదని ఫొటోలు అడిగి మరీ కొనండి. డులూత్ నుంచి వచ్చాక ఒకే చోట రెండు లెన్సులతో తీసిన రా ఫైళ్లు ఉంటే ఇక్కడ పెట్టండి, నలుపులు ఎక్కడ తేడా కొట్టాయో చూసి చెప్తాను.